కుక్క టికెట్టు, మన సామాను

మొన్న శుక్రవారం మధ్యాహ్నం ఖమీస్ ముషైత్‌లోని మా రూమ్‌లో ఒక కుక్క గురించి రెండు గంటల సేపు గొడవ జరిగింది. ఆ కుక్క ఇక్కడ లేదు, అమెరికాలో ఉంది. మాతో ఉండే జగిత్యాల తమ్ముడికి డాలస్‌లో ఒక బావ ఉన్నాడు. ఆయన ఫోన్ చేసి మాటల మధ్యలో, "మా కుక్కను ఫ్లైట్ల పైస కట్టకుంట తీస్కపోయినం, తెల్సా" అన్నాడు. ఆన్‌లైన్‌లో ఓ ఎర్ర కోటు కొన్నారట. దాని మీద 'సర్వీస్ డాగ్' అని అచ్చువేసి ఉంటుందట. అది కుక్కకు తొడిగి, ఏదో ఫారం నింపి, ఇది మాకు వైద్యపరంగా అవసరమైన కుక్క అని కౌంటర్లో చెప్పారట. రానూపోనూ మూడు వందల డాలర్ల దాకా మిగిలాయని సంబరం.

ఫోన్ స్పీకర్లో ఉండటంతో అందరం విన్నాం. కాల్ కట్ కాగానే మొదలైంది. "మా బావ తెలివి జూసిండ్రా" అని తమ్ముడు నవ్వాడు. మాలో పెద్దాయన ఒకరున్నారు. కడప జిల్లా నుంచి వచ్చి ఇరవై రెండేళ్ళుగా ఇక్కడే ఏసీ మెకానిక్‌గా చేస్తున్నారు. ఆయనకు నవ్వు రాలేదు. "తెలివి ఏందిరా నాయనా? కాళ్ళు బాగున్నోడు అవిటివాడి మాదిరి నటించి బస్సు పాసు తీసుకున్నట్టుంది" అన్నారు. తమ్ముడు ఊరుకుంటాడా? "విమానమోళ్ళు మనల్ని దోచుకుంటలేరా కాకా? రంజాన్ సెలవుల ముంగట టికెట్ రేటు ఎంత జేస్తున్నరు? వాళ్ళకు మూడొందల డాలర్లు ఓ లెక్కనా?" ఇక చూడండి, కూర మాడిపోయేదాకా ఎవరూ స్టవ్ వైపు చూడలేదు.

ఖమీస్‌లో కుక్కతో విమానమెక్కే భాగ్యం మనలో ఎంతమందికి ఉందని మీరు అడగొచ్చు. దాదాపు ఎవరికీ లేదు. మనం ఎక్కేది చుట్టీకి వెళ్ళేటప్పుడు, మళ్ళీ ఎక్కేది చుట్టీ అయిపోయినప్పుడు. అయినా ఆ గొడవ మమ్మల్ని వదల్లేదు. కుక్కను పక్కన పెట్టి చూస్తే, ఆ బావ చేసిన పనీ అభా ఎయిర్‌పోర్టు కౌంటర్ దగ్గర మనం చేసే పనులూ ఒకే ఇంటి పిల్లల్లా కనబడ్డాయి. అందుకే ముందు కుక్క సంగతి మాట్లాడుకుని, తర్వాత మన సంగతికి వద్దాం.

అమెరికాలో దేశం లోపల తిరిగే విమానాల్లో చిన్న కుక్కను బుట్టలో పెట్టి సీటు కింద ఉంచుకోవాలంటే, ఒక్కవైపు ప్రయాణానికి సుమారు 100 నుంచి 150 డాలర్లు కట్టాలి. కళ్ళు కనబడని వాళ్ళకు దారి చూపే కుక్కకు, మూర్ఛ వచ్చే మనిషికి తోడుండేలా శిక్షణ ఇచ్చిన కుక్కకు మాత్రం పైసా తీసుకోకూడదు. వికలాంగ ప్రయాణికుల పట్ల విమాన సంస్థలు వివక్ష చూపరాదని అక్కడ 1986లో ఒక చట్టం చేశారు. ఆ చట్టం నుంచి వచ్చిన సౌకర్యం ఇది. తర్వాత తర్వాత అందులోకి 'మానసిక ధైర్యం ఇచ్చే జంతువు' అనే మాట చేరింది. దానికి శిక్షణ అక్కర్లేదు, డాక్టర్ చీటీ ఉంటే చాలు. ఇంకేం, ఇంటర్నెట్‌లో చీటీలు అమ్మేవాళ్ళు పుట్టుకొచ్చారు. కుక్కలతో మొదలై పందులు, బాతుల దాకా వెళ్ళింది. 2018 జనవరిలో న్యూయార్క్ పక్కనున్న నెవార్క్ ఎయిర్‌పోర్టుకు ఒకరు ఏకంగా నెమలితోనే వచ్చారు. యునైటెడ్ సంస్థ ఆ నెమలిని ఎక్కనివ్వలేదు. అంతకు ముందు 2017 జూన్‌లో అట్లాంటాలో, ఇలా ధైర్యం ఇవ్వడానికి తెచ్చిన కుక్క పక్క సీటాయన ముఖం కరిచింది. ఆయన కిటికీ సీట్లో ఉన్నాడు, లేచి తప్పుకునే దారి లేదు.

చివరకు అక్కడి రవాణా శాఖ 2020 డిసెంబర్‌లో నిబంధన మార్చింది. 2021 జనవరి 11 నుంచి అది అమల్లోకి వచ్చింది. ఇప్పుడు ఉచితం అనేది ఒక వైకల్యానికి సాయపడేలా శిక్షణ పొందిన కుక్కకు మాత్రమే. మిగతావి పెంపుడు జంతువులు, వాటికి ఫీజు కట్టాల్సిందే. శిక్షణ ఇచ్చామని యజమాని ఒక ఫారం మీద సంతకం చేయాలి. తెలిసి అబద్ధం చెబితే ఫెడరల్ నేరమని ఆ ఫారంలోనే హెచ్చరిక ఉంటుంది. మా తమ్ముడి బావ నింపిన "ఏదో ఫారం" అదే. వీసా మీద బతికే మనిషి, పాతికేళ్ళు చదివి అక్కడి దాకా వెళ్ళిన మనిషి, మూడు వందల డాలర్ల కోసం అలాంటి కాగితం మీద సంతకం పెట్టాడంటే మాకు భయమేసింది. కోపం తర్వాత వచ్చింది.

పట్టుబడతాడా లేదా అన్నది అలా ఉంచండి. పట్టుబడడనే అనుకుందాం. ఆ మూడు వందల డాలర్లు ఎవరి జేబులోంచి పోయినట్టు? విమాన సంస్థ జేబులోంచి అని తమ్ముడి వాదన. అది కొంతవరకే నిజం. ఎర్ర కోటు వేసుకున్న దొంగ కుక్క ఒకటి విమానంలో మొరిగితే, ఒకర్ని కరిస్తే, ఆ తర్వాత కౌంటర్ దగ్గర నిలబెట్టి అడిగేది నిజంగా చూపులేని మనిషిని. "మీ కుక్క అసలైనదేనా? కాగితం ఏది? ముందే ఎందుకు చెప్పలేదు?" ఆ మనిషికి ఆ కుక్క ముద్దుకోసం కాదు, కళ్ళ కోసం. ఇంతకుముందు లేని ఫారాలు ఇప్పుడు ఆయన నింపాల్సి వస్తోందంటే, అబద్ధపు చీటీలు తెచ్చినవాళ్ళకు అందులో వాటా ఉంది. బావ ఎగ్గొట్టిన ఫీజును డబ్బు రూపంలో కాకుండా మర్యాద రూపంలో ఆయన చెల్లిస్తున్నాడు.

తమ్ముడి మాటలో బలం అసలు లేదని మేము అనడం లేదు. ఆ 150 డాలర్లు దేనికో మాకూ అర్థం కాలేదు. కుక్క బుట్ట పెట్టేది మనం డబ్బులు కట్టిన సీటు కిందే. చాలా సంస్థలు దాన్ని చేతి సంచి కింద లెక్కేస్తాయి కూడా, అంటే ఆ మేరకు మన సంచి ఒకటి తగ్గుతుంది. తిండి పెట్టరు, నీళ్ళివ్వరు. మరి దేనికి తీసుకుంటున్నట్టు? తీసుకోగలరు కాబట్టి తీసుకుంటున్నారు. పోనీ డబ్బు తీసుకున్నాక ప్రాణమున్న జీవిలా చూస్తారా అంటే, స్పెయిన్ కేసు చూడండి. 2019 అక్టోబర్‌లో బ్యూనస్ ఎయిర్స్ నుంచి బార్సిలోనా వెళ్ళే ప్రయాణికురాలు తన కుక్కను బోనులో పెట్టి సిబ్బందికి అప్పగించింది. విమానంలోకి ఎక్కించే లోపే అది తప్పించుకుని పారిపోయింది. మళ్ళీ దొరకలేదు. ఆమె 5,000 యూరోల పరిహారం అడిగింది. కేసు యూరప్ న్యాయస్థానం దాకా వెళ్ళింది. 2025 అక్టోబర్‌లో తీర్పు వచ్చింది. నష్టపరిహారం లెక్కకు కుక్క కూడా సామానేనని, ముందుగా దాని విలువ ప్రత్యేకంగా ప్రకటించి అదనపు రుసుము కట్టి ఉంటే తప్ప సూట్‌కేసు పోతే ఇచ్చే పరిమితే దానికీ వర్తిస్తుందని. డబ్బు తీసుకునేటప్పుడు ప్రాణి, ఇచ్చేటప్పుడు పెట్టె.

ఇంకో సంగతి. 2018 మార్చిలో హ్యూస్టన్ నుంచి న్యూయార్క్ వెళ్ళే విమానంలో ఒక కుటుంబం నియమం ప్రకారం డబ్బు కట్టి కుక్కపిల్లను వెంట తెచ్చుకుంది. బుట్ట నడవలోకి వస్తోందని సిబ్బంది దాన్ని పైనున్న సామాన్ల అరలో పెట్టించారు. విమానం దిగేసరికి పిల్ల చనిపోయి ఉంది. తప్పు మాదేనని సంస్థ ఒప్పుకుంది. ఫీజు కట్టినవాళ్ళకే ఇలా జరిగితే కట్టనివాళ్ళను తప్పుపట్టడమేమిటని తమ్ముడు ఈ ముక్క పట్టుకుని కూర్చున్నాడు. కానీ దీన్నుంచి మాకు తోచింది వేరు. కంపెనీకీ ప్రయాణికుడికీ మధ్య లెక్కలు ఎలా తేలినా, నోరులేని జీవిదే నష్టం. అది కౌంటర్లో వాదించలేదు.

ఈ సంగతి మాకు దగ్గర్నుంచి తెలిసిన ఇంకో ఇంట్లో బాగా అర్థమైంది. అభాలో ఒక ఆస్పత్రిలో నర్సుగా చేసిన గుంటూరు వైపు చెల్లెమ్మ, ఆమె భర్త, పిల్లలు ఎగ్జిట్ మీద ఇంటికి వెళ్ళిపోయారు. వాళ్ళ దగ్గర ఒక చిన్న కుక్క ఉండేది. ఇక్కడ కుక్కను పెంచడమే అంత తేలిక కాదు, ఇల్లు అద్దెకిచ్చినాయనను ఒప్పించడానికే వాళ్ళకు ఏడాది పట్టింది. తీసుకెళ్దామంటే ఇండియా నిబంధనలు ఉండనే ఉన్నాయి. విదేశంలో రెండేళ్ళు వరుసగా ఉండి మకాం మార్చుకుని వచ్చేవాళ్ళే తమ సామానుతో పాటు పెంపుడు జంతువులను తెచ్చుకోవచ్చు, అదీ రెండింటికి మించకుండా. రేబీస్ టీకా కాగితం కావాలి, ఆరోగ్య ధ్రువపత్రం కావాలి, మన దేశపు జంతు క్వారంటైన్ శాఖ నుంచి ముందస్తు అనుమతి కావాలి. అన్ని ఎయిర్‌పోర్టుల్లోనూ దించనివ్వరు. శంషాబాద్‌లో దించుకోవచ్చు కాబట్టి అదొక్కటి నయం.

ఆ భర్తకు ఒక ఏజెంటు సలహా ఇచ్చాడు. బోనుతో కలిపి తూకం వేస్తారు కాబట్టి ఒక సైజు చిన్న బోను కొనమన్నాడు. రెండు రోజులు మేత తగ్గించమన్నాడు. అరవకుండా నిద్రమాత్ర వేయమన్నాడు. మొత్తం మీద చాలా రియాల్స్ మిగులుతాయన్నాడు. ఆయన వచ్చి మమ్మల్ని అడిగాడు. మాకేం తెలుసు? మాలో లాబ్ టెక్నీషియన్ అన్న ఉన్నాడు, ఆయన చదివి చెప్పాడు. మత్తుమందు వేసిన జంతువును పంపొద్దని విమానయాన సంస్థల అంతర్జాతీయ సంఘమే చెబుతుంది, పైన గాలిలో వాటి ఊపిరి, గుండె ఎలా ఉంటాయో చూసేవాళ్ళు ఉండరు. బోను కూడా అది లేచి నిలబడి వెనక్కి తిరగగలిగేంత ఉండాలి. చెల్లెమ్మ ఒక్కటే మాట అంది. "అన్నయ్యా, నా బంగారం ఒకటి అమ్ముతాను, దాన్ని పస్తు పెట్టి తీసుకెళ్ళను." కట్టారు. చాలానే అయింది. ఆ డబ్బుతో ఊళ్ళో ఇంటికి పైకప్పు వేసుకోవచ్చు కదా అని మాలో ఒకరిద్దరం అనుకున్న మాట వాస్తవం. కుక్క మీద అంత ఖర్చా అనే ఆలోచన మాలో ఇప్పటికీ పూర్తిగా పోలేదు. కానీ తెచ్చుకున్నాక దాని ఖర్చు దానికే ఆకలి పెట్టి రాబట్టకూడదని అందరం ఒప్పుకున్నాం.

ఇక్కడివాళ్ళ సంగతి కూడా చెప్పుకోవాలి. సౌదీలో డేగలంటే ఎంత మోజో మీకు తెలుసు. 2017లో ఒక ఫొటో ప్రపంచమంతా తిరిగింది, విమానం నడిమధ్య సీట్ల మీద వరుసగా కళ్ళగంతలు కట్టిన డేగలు. సౌదీ యువరాజు ఒకరు తన 80 డేగలకూ టికెట్లు కొన్నారని అప్పట్లో వార్తలు వచ్చాయి. పక్షికి సీటు కొనగలిగిన వాడికి అబద్ధం అవసరం లేదు. మనకు అవసరం ఉంది. కాబట్టి ధర్మం గురించి మాట్లాడేటప్పుడు ఈ తేడా మరిచిపోకూడదు. నెలకు పద్దెనిమిది వందల రియాల్స్ వచ్చేవాడు కిలోకు ఇంత అని అదనపు సామాను కడితే, రెండు మూడు రోజుల చెమట అక్కడే అయిపోతుంది.

అలా మన సామాను దగ్గరికి వచ్చాం. ఖమీస్ వాళ్ళ కష్టం జెడ్డా, రియాద్ వాళ్ళకు పూర్తిగా తెలియదు. మనం అభాలో ఎక్కి జెడ్డాలోనో రియాద్‌లోనో మారాలి. డబ్బు మిగులుతుందని రెండు టికెట్లు విడివిడిగా కొంటాం. హైదరాబాద్ టికెట్‌కు ఎక్కువ కిలోలు ఉంటాయి, దేశం లోపలి చౌక టికెట్‌కు తక్కువ. అభాలోనే కాటా దగ్గర దొరికిపోతాం. ఒకే టికెట్టుగా చివరి దాకా తీసుకుంటే మామూలుగా ఒకే బరువు లెక్క నడుస్తుంది. ఈ సంగతి తెలియక మేము ఎన్నిసార్లు కట్టామో. టికెట్ కొనేటప్పుడే ఏజెంటును అడగండి, సిగ్గుపడకండి.

ఇక కాటా దగ్గర మన విద్యలు. నాలుగు చొక్కాలు ఒకదాని మీద ఒకటి వేసుకోవడం. చలికోటు జేబుల్లో టైగర్ బామ్ సీసాలు, మొబైల్ ఛార్జర్లు కుక్కుకోవడం. చేతి సంచిని ఓ నేస్తానికి ఇచ్చి దూరంగా స్తంభం చాటున నిలబెట్టి, బోర్డింగ్ పాస్ వచ్చాక తీసుకోవడం. బూటు కొనతో బ్యాగును కాస్త లేపి పట్టడం. ఇవన్నీ ఒకే తప్పా? కాదని మా రూమ్ తీర్మానం. ఒంటి మీద వేసుకున్న బట్ట తూకంలోకి రాదని వాళ్ళ నిబంధనే చెబుతోంది, దాన్ని వాడుకోవడం మోసం కాదు. నాలుగు చొక్కాలతో చెమటలు కక్కేది మనమే కదా. స్తంభం చాటు సంచి కొంచెం తప్పే. ఒక మనిషి మూడు కిలోలు దాచినంత మాత్రాన విమానం కూలదు, ఆ భయం పెట్టి మేము ఎవరినీ మాన్పించదలుచుకోలేదు. కానీ పైన అరల్లో చోటు అయిపోయాక చివర ఎక్కిన ముసలమ్మ సంచి ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడితే, ఆమె చోటు మనం తిన్నట్టే.

బూటు కొన విద్య మాత్రం వద్దు. దానికి కారణముంది. ఒక్కో బ్యాగు 32 కిలోలు దాటితే, డబ్బు కట్టినా చాలా సంస్థలు తీసుకోవు. అది వసూళ్ళ కోసం పెట్టింది కాదు. వంగి ఆ బ్యాగును ఎత్తే మనిషి నడుము కోసం పెట్టింది. ఇక్కడ ఎత్తేది మనలాంటి కూలీ, శంషాబాద్‌లో ఎత్తేది మన ఊరి పిల్లాడు. కాటాకు దాచిన ఐదు కిలోలు అతని వెన్నుకు దాగవు.

వీల్‌ఛైర్ సంగతి ఒక్క మాటలో. క్యూ తప్పించుకోవడానికి, ఇంగ్లీషు రాని అమ్మానాన్నలను ఇబ్బంది లేకుండా పంపడానికి బాగా నడవగలిగిన వాళ్ళకు కూడా వీల్‌ఛైర్ రాయిస్తున్నాం. భాష రాని భయం నిజమైనదే, దానికి సాయం అడగాలి. కానీ కుర్చీలు లెక్కపెట్టి ఉంటాయి. కాలు విరిగి ప్లాస్టర్‌తో ఇంటికి వెళ్తున్న మన కార్మికుడు గేటు దగ్గర కుర్చీ కోసం ఎదురు చూడటం మేము కళ్ళారా చూశాం. డాలస్ కుక్క వేసుకున్న ఎర్ర కోటు గుర్తొచ్చింది.

అసలు పెద్ద ప్రమాదం మరొకటి ఉంది. ఫీజు తప్పించుకోవడానికి మన బరువును ఇంకొకరి టికెట్ మీద పెట్టడం. "అన్నా, ఒక్క కిలోనే. మా అమ్మకు మందులు. మా బామ్మర్ది వచ్చి తీసుకుంటాడు." ఖమీస్‌లో ఎవరైనా చుట్టీకి వెళ్తున్నాడని తెలిస్తే చాలు, వారం ముందు నుంచి సంచులు వస్తాయి. తిరిగి వచ్చేటప్పుడు ఊరి నుంచి ఆవకాయ, కారప్పొడి, మసాలా పొట్లాలు. ఆ మసాలాలో గసగసాలు ఉంటాయి. మనకది మటన్ కూరలో వేసే దినుసు. సౌదీలో, ఎమిరేట్స్‌లో అది నిషేధం, నల్లమందు మొక్క గింజ. మన మెడికల్ షాపులో అడగ్గానే ఇచ్చే కొన్ని నొప్పి మాత్రలు, దగ్గు మందులు కూడా ఇక్కడ మత్తుమందుల జాబితాలో ఉన్నాయి. సంచి ఎవరిదని కస్టమ్స్ వాడు అడగడు. ఎవరి చేతిలో ఉంటే వాడిదే.

2019 జులైలో ముంబైకి చెందిన భార్యాభర్తలు ఖతార్ వెళ్ళారు. దగ్గరి బంధువే టికెట్లు బహుమతిగా ఇచ్చి, ఒక ప్యాకెట్ చేతిలో పెట్టింది. దోహాలో అందులో 4 కిలోల హషీష్ బయటపడింది. పదేళ్ళ శిక్ష పడింది. అప్పటికి ఆమె గర్భవతి. పాప జైల్లోనే పుట్టింది. ఇండియాలో నార్కోటిక్స్ అధికారులు అసలు సంగతి తేల్చాక, 2021లో వాళ్ళు నిర్దోషులుగా బయటపడ్డారు. అందరి సంచిలోనూ హషీష్ ఉంటుందని కాదు. కానీ సంచి ఇచ్చేవాడు మిగుల్చుకునేది నలభై రియాల్స్. తీసుకెళ్ళేవాడు పణంగా పెట్టేది తన అఖామా, తన జీతం, తన పిల్లల చదువు.

ఇక్కడ మా తప్పు ఒకటి చెప్పుకోవాలి. లేకపోతే మిగతాదంతా ఉపదేశం అవుతుంది. కొన్నేళ్ళ కిందట మా రూమ్ వాళ్ళమే, ఎగ్జిట్ మీద వెళ్తున్న ఒక కామారెడ్డి కుర్రాడి చేత పన్నెండు కిలోల సామాను పంపాం. రెండు రగ్గులు, పాలపొడి డబ్బాలు, పిల్లల బొమ్మలు. ఏముందిలే, వాడి దగ్గర పెద్దగా సామాను లేదు కదా అనుకున్నాం. తూకం వేసి వెళ్ళమని కూడా చెప్పలేదు. కౌంటర్లో బరువు మించింది. వాడి దగ్గర ఉన్నది చివరి జీతంలో చేతికి వచ్చిన కొంచెం డబ్బు. మా సామాను అక్కడ వదిలేస్తే మేమేం అనుకుంటామోనని, ఆ డబ్బులోంచి కట్టాడు. మాకు ఫోన్ కూడా చేయలేదు. ఊళ్ళో మా ఇళ్ళకు సామాను చేర్చి, తన ఇంటికి ఉత్త చేతులతో వెళ్ళాడు. నాలుగు నెలల తర్వాత ఇంకొకరి ద్వారా మాకు ఈ సంగతి తెలిసింది. డబ్బు పంపాం, సరే. కానీ రెండేళ్ళ తర్వాత ఇంటికొచ్చిన తండ్రి చేతిలో ఏముందా అని చూసిన పిల్లలకు ఆ రోజు మళ్ళీ రాదు. మేము ఎవరినీ మోసం చేయాలనుకోలేదు. మేము కట్టాల్సిన ఫీజు ఎవరు కడతారో ఆలోచించలేదు, అంతే.

అందుకే ఆ శుక్రవారం పెద్దాయన "దొంగతనం" అన్నప్పుడు మేము పూర్తిగా ఆయన పక్కన నిలబడలేకపోయాం. దొంగతనమంటే ఉన్నవాడి దగ్గర తీసుకోవడం. ఇది చాలాసార్లు లేనివాడి మీద పడుతోంది.

మరి ఫీజే అన్యాయమైతే? నోరుమూసుకుని కట్టాలా అని తమ్ముడు అడిగాడు. న్యాయమైన ప్రశ్న. దీనికి గల్ఫ్‌లో మన దగ్గరే ఒక జవాబు ఉంది. ఇక్కడ చనిపోయినవాళ్ళ శవపేటికలను ఎయిర్ ఇండియా కాటా మీద పెట్టి, కిలోకు ఇంత అని తీసుకునేది. మనిషిని కూరగాయల్లా తూస్తున్నారని ప్రవాస సంఘాలు ఏళ్ళ తరబడి మొత్తుకున్నాయి. అర్జీలు పెట్టాయి, మంత్రులు వచ్చినప్పుడల్లా నిలదీశాయి. 2019 జనవరిలో తూకం పద్ధతి పోయి ఒకే రేటు వచ్చింది. ఎమిరేట్స్ నుంచి అయితే పెద్దవాళ్ళకు 1,500 దిర్హమ్‌లు, పన్నెండేళ్ళలోపు పిల్లలకు అందులో సగం. ఇక్కడ సౌదీలో కార్మికుడు చనిపోతే శవాన్ని పంపే ఖర్చు యజమానిదేనని కార్మిక చట్టం చెబుతుంది, అయినా ఆ మాట గుర్తుచేసి పని చేయించడానికి ఎంతమంది తిరగాలో మీకు తెలియంది కాదు. ఆ పోరాటంలో ఎవరూ పేటిక బరువు దాచలేదు. ఇది తప్పు అని బయటికి చెప్పారు. ఫీజు మారాక అది ఒకరికి కాదు, అందరికీ మారింది. బావ ఎగ్గొట్టిన మూడు వందల డాలర్లు బావకు మాత్రమే మిగిలాయి. కుక్కల ఫీజు అక్కడ ఎంత ఉందో అంతే ఉంది.

రాత్రి తమ్ముడు బావకు తిరిగి ఫోన్ చేశాడు. ఏం మాట్లాడాడో మేము వినలేదు, ఈసారి స్పీకర్ పెట్టలేదు. బయట మెట్ల మీద కూర్చుని చాలాసేపు మాట్లాడి వచ్చాడు. "ఏమన్నాడు?" అని అడిగితే, "ఖల్లివల్లి అన్నడు" అని పడుకున్నాడు.

వచ్చే బుధవారం తమ్ముడిదే చుట్టీ. నిన్న రాత్రి రూమ్ మధ్యలో బ్యాగు పెట్టి స్ప్రింగ్ కాటాకు వేలాడదీశాం. ముప్పై ఒకటిన్నర చూపించింది. అభా టికెట్ మీద ఉన్నది ఇరవై మూడు. పెద్దాయన చాప మీద కూర్చుని ఒక్కొక్కటే తీయించారు. ముందు మేమిచ్చిన సంచులు మూడూ బయటికి వచ్చాయి, ఎవరివి వాళ్ళం తీసుకున్నాం. తర్వాత పాలపొడి డబ్బాలు రెండు. ఇంకా రెండు కిలోలు ఎక్కువ. తమ్ముడు కూతురి కోసం కొన్న బొమ్మ సైకిల్ డబ్బాను అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది మాత్రం తియ్య కాకా, పైసలు కడ్తా" అన్నాడు. కిలోకు ఎంతో ఏజెంటును అడగడానికి పెద్దాయన ఫోన్ తీశారు.